చిల్లు లేని గిటార్

12 నవంబర్ 2006, ఆదివారం

గిటార్ ఇంటికి వచ్చింది. రాసుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

నాది కాదు, పాల్ అన్నయ్యది. మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో నాతోపాటు ట్యాలీ చెప్పే వినీల వాళ్ళ అన్న. గుణదల చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలకి కోయిర్ వాళ్ళు పాటల సీడీ వేస్తున్నారు. ఆరు పాటలకి గిటార్ కావాలి. మూడేళ్ళుగా వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా ఆ గిటార్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది నేనే కాబట్టి పని నాకే పడింది. అన్నయ్య తనకి వచ్చిందంతా నెల రోజుల్లో నేర్పేశాడు. ఆ తర్వాత ఇంటర్నెట్ సెంటరే నా గురువు. సీడీ అయ్యేదాకా నీ దగ్గరే ఉంచుకో, జాగ్రత్త, నా మొదటి జీతంతో కొనుక్కున్నది అన్నాడు. థాంక్స్ కూడా చెప్పలేదు, మొద్దు మొహాన్ని.

ఎలక్ట్రిక్ గిటార్‌కి మోత ఇచ్చే యాంప్ కోయిర్‌కి ఒకటి ఉండేది గానీ ఎప్పుడో కాలిపోయింది. ఉన్నా మా రెండు గదుల ఇంట్లో పెట్టి మోగిస్తే పక్కవాటా రాజ్యలక్ష్మిగారు ఓనరుతో చెప్పి ఖాళీ చేయిస్తారు. అందుకని అన్నయ్య ఒక సీడీ కాపీ చేసిచ్చాడు. అందులో రికార్డింగ్ సాఫ్ట్‌వేరు, యాంప్ ప్లగిన్లు ఉన్నాయి. గిటార్ వైరు కంప్యూటర్‌కి గుచ్చితే స్క్రీన్ మీద బొమ్మ యాంప్ నిజం యాంప్‌లా పలుకుతుందట. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే నాకు తప్ప ఈగకి కూడా వినపడదట.

అరువు తెచ్చానని అమ్మకి చెప్పాను. నాన్నకి అమ్మ చెప్తుంది. మా ఇంట్లో ఏ కబురైనా వెళ్ళే దారి అదే.

నాన్న షాపు నుంచి వచ్చి నల్లగా మెరిసే గిటార్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. వడ్రంగం చేసే మనిషి, ఏ వస్తువైనా ముందు వేలి కణుపుతో కొట్టి చూస్తాడు. కొట్టాడు. లోపలంతా చెక్కేనే అన్నాడు. చిల్లు ఏది అని అడిగాడు. ఎలక్ట్రిక్ వాటికి ఉండదు నాన్నా అన్నాను. తలుపు చెక్కకి తీగలు బిగించినట్టుంది అని గొణుక్కుంటూ కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు.

15 నవంబర్, బుధవారం

లావు పిన్నుని సన్న పిన్నుగా మార్చే కన్వర్టర్ కోసం వన్‌టౌన్ అంతా తిరిగాను. మైకుకా అని అడిగాడు షాపతను. గిటార్‌కి అన్నాను. నన్నూ నా చున్నీనీ ఒకసారి చూసి, ఇంకేం అడగకుండా పొట్లం కట్టి ఇచ్చాడు.

సాయంత్రం గుచ్చాను. ముందు బుయ్యిమని రొద. తీగ మీటితే దోమ మూలిగినట్టు ఉంది. ఇంతేనా అనుకున్నాను. ప్లగిన్ ఆన్ చేశాను.

ఆ తర్వాత సంగతి రాయడం నాకు చేతకాదు. ఒక్క తీగే మీటాను. గది నిండిపోయింది. నిండినట్టు గదికి తెలియదు, నాకే తెలుసు. అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఆవిడకి టిక్కు టిక్కుమని తప్ప ఏమీ వినపడలేదు. నా కళ్ళల్లో నీళ్ళు చూసి, నలక పడిందా, ఊదనా అంది.

ఈ ప్లగిన్ చేసినవాడు ఎవడో, ఏ దేశమో. ఊరికే నెట్‌లో పెట్టేశాడు, కావలసినవాళ్ళు తీసుకోండి అని. పటమటలో ఒకమ్మాయి తీసుకుంటుందని వాడికేం తెలుసు? వాడి కడుపు చల్లగుండ.

19 నవంబర్, ఆదివారం

తిరకాసు ఉంది. తీగ మీటిన కాసేపటికి గానీ హెడ్‌ఫోన్స్‌లో వినపడటం లేదు. దాన్ని లేటెన్సీ అంటారట. మా కంప్యూటర్ పాతది, గిటార్ సౌండు లోపలికి తీసుకుని, ప్లగిన్‌తో వండి, బయటికి వడ్డించేసరికి దానికి టైం పడుతుంది. ఈలోపు నా వేలు ఇంకో తీగ మీదకి వెళ్ళిపోతుంది. ఎవరో నన్ను వెక్కిరిస్తూ వెనక నుంచి వాయిస్తున్నట్టుంది. తాళం మొత్తం చెడుతోంది.

ఒక ఉపాయం దొరికింది. రికార్డ్ చేసేటప్పుడు నా గిటార్ సౌండు మ్యూట్ చేసేస్తాను. పాట ఒక్కటే చెవుల్లో పెట్టుకుని, దవడ తీసుకెళ్ళి గిటార్ పైన కొమ్ములా పొడుచుకొచ్చిన చోట ఆనిస్తాను. తీగ మోత చెక్కలోంచి ఎముకలోకి వస్తుంది, సన్నగా. దాన్ని పట్టుకుని వాయిస్తాను. అయ్యాక ప్లగిన్ పెట్టుకుని వింటాను. మెడ పట్టేస్తోంది. నాలుగు సార్లకి ఒకసారి తాళం కుదురుతోంది. అదే పదివేలు.

అది వాయించడమా, చెక్కతో గుసగుసలాడటమా అని అమ్మ ఒకటే నవ్వు.

26 నవంబర్, ఆదివారం

ఇవాళ ఏడ్చాను. నలక పడి కాదు.

నాన్నకి వినిపించాలని ఎంతో అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి ఖాళీగా ఉన్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ తలకి పెట్టాను. నాకు బాగా వచ్చిన ముక్క వాయించాను. ఆయన నా వేళ్ళ వంకే చూస్తున్నాడు. వేళ్ళు చూస్తాడు, చెవి మీద చెయ్యి పెట్టుకుంటాడు, మళ్ళీ వేళ్ళు చూస్తాడు. అయ్యాక మెల్లగా తీసి బల్ల మీద పెట్టాడు.

"దెబ్బకీ చప్పుడుకీ మధ్యన ఇంత సందు ఉండదే తల్లీ. నువ్వు వేళ్ళు ఆడిస్తన్నావ్. వాయించేది కంప్యూటరు."

కాదు నాన్నా, లేటెన్సీ అన్నాను. బఫర్ అన్నాను. డ్రైవర్ అన్నాను. ముప్పై ఏళ్ళు సుత్తి పట్టుకున్న మనిషికి దెబ్బ ముందు, చప్పుడు తర్వాత అని ఎలా చెప్పడం? తల నిమిరి, బాగుందిలే, పాటలు మంచివి పెట్టారు అని లేచాడు. ఎగతాళి చేసినా బాగుండేది. జాలిపడ్డాడు.

గిటార్ నేను వాయిస్తున్నానని ఊళ్ళో ఎవరు నమ్మకపోయినా నాకు పట్టదు. నాన్న నమ్మాలి. సీడీ వచ్చేలోపు నమ్మాలి. లేకపోతే ఆ సీడీ విని కూడా కంప్యూటర్ బాగా వాయించింది అంటాడు.

3 డిసెంబర్

కరెంటు పోయింది. రెండో పాట మొత్తం పోయింది. సేవ్ చేయలేదు. ఇవాళ ఎవరితోనూ మాట్లాడను.

10 డిసెంబర్, ఆదివారం

నెట్‌లో ఒక డ్రైవర్, అంటే సౌండు కార్డుని నడిపే ప్రోగ్రాం, దొరికింది. వేస్తే ఆలస్యం తగ్గిపోతుందని ఫోరంలో అందరూ దండం పెట్టి మరీ రాశారు. వేశాను. నిజంగానే తగ్గింది. ఎగిరి గంతేసి నాన్నని లాక్కొచ్చాను. ఆయన గెడ్డానికి సబ్బుతో ఉన్నాడు, అలాగే వచ్చి కూర్చున్నాడు.

మీటాను. చెవుల్లో పల్లీలు వేయించినట్టు చిటపటలు. మా కంప్యూటర్‌కి అంత స్పీడు తట్టుకునే శక్తి లేదు. ఒక నిమిషం చిటపటలాడి మొత్తం ఆగిపోయింది. స్క్రీన్ నీలంగా మారింది. నాన్న హెడ్‌ఫోన్స్‌కి అంటిన సబ్బు తువ్వాలుతో తుడిచి, ఎక్కువ పని పెట్టినట్టున్నావు దానికి, కాసేపు పడుకోనివ్వు అన్నాడు.

డ్రైవర్ తీసేశాను. దవడే గతి.

24 డిసెంబర్, ఆదివారం

మూడు పాటలు అయిపోయాయి. పొద్దున వినీల వచ్చి విన్నది. ప్లగిన్‌లో బ్రిటిష్ స్టాక్ అనే ప్రీసెట్, అంటే రెడీమేడ్ సెట్టింగు పెట్టి, గరగర రాకుండా గెయిన్ బాగా తగ్గించి, చర్చిలో మోగినట్టు కొంచెం రివర్బ్ వేశాను. ఇది మన గుల్షన్ వాయించిందేనా అని మూడో పాట రెండుసార్లు పెట్టించుకుంది. పాల్ అన్నయ్య కూడా ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. వీళ్ళు నా మీద పెట్టుకున్న నమ్మకం తలుచుకుంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేయాలనిపిస్తుంది.

వినీల వెళ్తూ ఒకటి చెప్పి నవ్వింది. మీ నాన్నగారు వీధిలో నన్ను ఆపి, గిటార్లలో మాట పడిపోయినవి కూడా అమ్ముతారా అమ్మా అని అడిగారే అంది. నేనూ నవ్వాను.

క్రిస్మస్ కేకు ఇచ్చి వెళ్ళింది. అమ్మ దాచిపెట్టింది, నాన్న వచ్చాక కోస్తుందట.

1 జనవరి 2007

బక్రీదు. న్యూ ఇయరూ ఈ రోజే. వినీల వాళ్ళకి కుర్బానీ మాంసంలో వాటా పట్టుకెళ్ళాను. వాళ్ళమ్మ సంపూర్ణమ్మగారు కూర్చోబెట్టి అరిసెలు పెట్టారు. పొట్ట పగిలేలా తిని వచ్చి నాలుగో పాట మొదలుపెట్టాను.

20 జనవరి, శనివారం

ఐదు అయ్యాయి. మిగిలింది ఒక్కటే. అదే అసలైనది, మాత పాట. మధ్యలో గిటార్ ఒక్కటే పలికే చోటు ఉంది. కీబోర్డు ఉండదు, తబలా ఉండదు, నేనే. అక్కడ తాళం కుదరడం లేదు. మిగతా పాటల్లో తబలా వెనక దాక్కున్నాను. ఇక్కడ దాక్కోవడానికి చోటు లేదు. ఎంత దవడ నొక్కినా వేలు తడబడుతోంది.

రేపటి నుంచి పీర్ల పండుగ రోజులు. పదో రోజు దాటేదాకా మా ఇంట్లో పాట ఉండదు. హెడ్‌ఫోన్స్‌లో కదమ్మా, ఎవరికీ వినపడదు కదా అని బతిమిలాడాను. వినపడకపోతే వాయించనట్టు అవుతుందా అంది అమ్మ.

కోపం రావలసిన చోట సంతోషం వచ్చింది. అమ్మ నేను వాయిస్తున్నాననే అనుకుంటోంది! ఇంట్లో ఒక ఓటు పడింది.

అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పాను. పర్వాలేదు, మూడో తారీఖుకి ఇస్తే చాలు, అది దాటితే కాపీలు వేసేవాడు చెయ్యలేనంటున్నాడు అన్నాడు. గిటార్‌ని అమ్మ పాత చీరలో చుట్టి అటక మీద పెట్టాను.

26 జనవరి, శుక్రవారం

ఇన్‌స్టిట్యూట్‌లో జెండా ఎగరేశాం. చాక్లెట్ ఇచ్చారు.

నాన్న సెలవు రోజు కూడా షాపుకి వెళ్ళాడు. పెళ్ళి మంచం ఆర్డరు ఉందట. అన్నం తింటూ ఉన్నట్టుండి, దవడ ఎందుకు ఆనిస్తావే దానికి అని అడిగాడు. వినపడటానికి నాన్నా అన్నాను. తలకాయ ఊపి మజ్జిగ పోసుకున్నాడు. ఆయన చేతి వెంట్రుకల నిండా నల్ల పొడి. పెళ్ళి మంచానికి నల్ల రంగేమిటో.

30 జనవరి, మంగళవారం

పదో రోజు. పొద్దున వీధి చివర షర్బత్ పంచారు. చేతులు ఇంకా జిగటగానే ఉన్నాయి. రేపు గిటార్ దించుతాను.

31 జనవరి, బుధవారం, మధ్యాహ్నం

సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. పొద్దున్నే స్టూలు వేసుకుని మూట దించాను. బరువు తక్కువ అనిపించింది. చీర విప్పాను.

గిటార్‌కి చిల్లు పడి ఉంది.

చిల్లు కాదు, జాలీ. మోచెయ్యి ఆనే వైపు, అరచెయ్యంత మేర, మంచాల తలవైపు చెక్కే పువ్వుల జాలీ. వెనక్కి తిప్పాను. పల్చటి టేకు చెక్కతో మూత, అంచులు నున్నగా, పాలిష్ పెట్టి ఉంది. వేలితో కొడితే లోపల డొల్ల. గిటార్ కడుపు మొత్తం ఉలితో తీసేశారు.

తల ఎత్తితే గుమ్మంలో నాన్న. షాపుకి వెళ్ళకుండా దీనికోసమే ఆగాడు. కొత్త బట్టలు తెచ్చి పొట్లం ఎప్పుడు విప్పుతామా అని చూసే మొహం ఉంటుంది చూడు, ఆ మొహం. చెప్పుకుపోతున్నాడు. వైర్ల జోలికి వెళ్ళలేదట. తీగలు వదులు చేశాడే గానీ విప్పలేదట. టేకు తలుపు కొడితే పలుకుతుందా, ఫ్లష్ డోరు కొడితే పలుకుతుంది, ఎందుకు, లోపల డొల్ల కాబట్టి, ఇదీ అంతే అంటున్నాడు. నువ్వు దవడ పెట్టి వెతుక్కుంటుంటే చూడలేకపోయాను, నీకు మాట లేనిది అంటగట్టారు అంటున్నాడు. నాకు అనుమానం రాకుండా అటక మీద చీరలో అంతే సైజు చెక్క చుట్టి పెట్టాడట, నిన్న సాయంత్రం మార్చాడట. అదీ నవ్వుతూ చెప్పాడు.

వాయించు అన్నాడు.

"ఇది నాది కాదు నాన్నా. పాల్ అన్నయ్యది."

ఆయన అమ్మ వైపు చూశాడు. అమ్మ నా వైపు చూసింది. నువ్వే చెప్పావనుకున్నానే అంది. మా ఇంట్లో కబుర్లు నడిచే దారిలో ఆ ఒక్క కబురు ఆగిపోయింది.

నాన్న మొహం నేను చూడలేకపోయాను. అరిచాను కూడా. అడగాలి కదా అన్నాను. ఒక్కసారి అడగాలి కదా, అందరూ నన్ను అడగకుండానే నాకు ఏం కావాలో తెలుసుకుంటారేం అన్నాను. ఆయన చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఇంకా రాలేదు. గిటార్ మంచం మీద ఉంది. తాకబుద్ధి కావడం లేదు. నా మీద నమ్మకంతో ఇచ్చిన మనిషికి ఏం చెప్పాలి? ఎల్లుండి దాటితే మూడో తారీఖు.

1 ఫిబ్రవరి, గురువారం, సాయంత్రం

నేను లేచేసరికి నాన్న లేడు. గిటారూ లేదు. రాత్రి అన్నం కూడా తినలేదని అమ్మ చెప్పింది.

ఇన్‌స్టిట్యూట్‌లో వినీల చెప్తే తెలిసింది. పొద్దున్నే నాన్న టీవీఎస్ మీద గుణదల వెళ్ళాడట. చీర మూట రెండు చేతుల్లో పట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డాడట. సంపూర్ణమ్మగారు ఎంత రమ్మన్నా లోపలికి రాలేదట. మా అమ్మాయి తప్పు లేదండీ, దానిదే అనుకుని నేను కోశానండీ, ఏం చెయ్యమంటే అది చేస్తానండీ అన్నాడట.

పాల్ అన్నయ్య మూట విప్పాడట. వినీలకి భయం వేసిందట. మెట్ల మీద కూర్చుని జాలీ పువ్వుల వెంట వేలు పోనిచ్చి చూశాడట. తర్వాత తీగలు ఒకసారి నిమిరాడట, వైరు లేదు, ఏమీ లేదు. అంతే. అప్పుడే వంటింట్లోకి వెళ్ళిన సంపూర్ణమ్మగారు అక్కడ నుంచి, ఎవర్రా గిటార్ వాయించేది అని అడిగారట.

అన్నయ్య దాన్ని మళ్ళీ నాన్న చేతికే ఇచ్చాడు. ముందు పాట అవనివ్వండి, మిగతాది తర్వాత చూద్దాం అన్నాడట. మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి మాత్రం దాచుకోలేదు. బాధగా ఉంది గుల్షన్, లేదని చెప్పను, కానీ మీ నాన్నగారిని ఇంకేమీ అనకు అన్నాడు. ఇలాంటి మనుషుల మధ్య పుట్టించినందుకు ఆ అల్లాకి వేయి దండాలు. నాకైతే అంత మంచితనం లేదు. నేను నిన్న అరిచాను.

నాన్న షాపులోనే ఉన్నాడు. భోజనానికి కూడా రాలేదు, క్యారేజీ తెప్పించుకున్నాడు.

2 ఫిబ్రవరి, శుక్రవారం

ఇది వరసగా రాయాలి, మర్చిపోకుండా.

సెలవు పెట్టాను. తీగలు శ్రుతి చేసుకున్నాను. కంప్యూటర్‌కి గుచ్చాను. బుయ్యిమనే రొద అలాగే ఉంది, దానికి ఏ చెక్కా అడ్డం రాదు. పాట పెట్టాను. అలవాటు కొద్దీ నా సౌండు మ్యూట్ చేసి, దవడ ఆనించబోయి, ఆగాను.

అవసరం లేదు.

తీగ వినపడుతోంది. హెడ్‌ఫోన్ ఒక చెవి పక్కకి జరిపితే చాలు, మామూలుగా, గాల్లోంచి, జాలీలోంచి వినపడుతోంది. మీటిన క్షణానే. ప్లగిన్ ఆలస్యం ప్లగిన్‌ది, నాకు దాంతో పని లేదు. ఒక చెవిలో పాట, ఒక చెవిలో నా చెయ్యి. మెడ నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను, మనిషిలా.

ఇన్ని వారాలు డ్రైవర్లు, సెట్టింగులు, ఫోరాలు అని నేను వెతికింది ఇదే. లేటెన్సీ అంటే ఏమిటో ఎంత చెప్పినా నాన్నకి ఎక్కలేదు. ఆయనకి తెలిసింది ఒక్కటే, కూతురికి వినపడటం లేదని. అదే నిజం. నేను వంద మాటలు చెప్పాను గానీ ఆయన అడిగేదాకా ఆ ఒక్క మాట చెప్పలేదు.

గిటార్ ఒక్కటే పలికే చోటు మొదటిసారికే కుదిరింది. ప్లగిన్ పెట్టి విన్నాను. అదే బ్రిటిష్ స్టాక్, అవే నాబులు. కానీ సౌండు మారింది. తీగ మోత మునుపంత సాగడం లేదు, దాని బదులు చుట్టూ కాస్త గాలి ఉంది. తర్వాత వైరు పీకేసి, హెడ్‌సెట్ మైకు జాలీ ముందు వేలాడదీసి, అదే ముక్క ఇంకోసారి వాయించి రికార్డు చేశాను. రెండూ కలిపాను. పక్కవాటా రాజ్యలక్ష్మిగారి కుక్కర్ విజిల్ కూడా పడింది. కోసేశాను.

సాయంత్రం నాన్న వచ్చాడు. నా గదిలోకి రాకుండా వరండాలోనే కూర్చున్నాడు. వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. కుర్చీలో కూర్చోబెట్టాను. వైరు పెట్టలేదు, కంప్యూటర్ ఆన్ చేయలేదు. ఆయన ఎదురుగా మంచం మీద కూర్చుని మాత పాట వాయించాను.

ఆ రోజు చూసినట్టే నా వేళ్ళ వంక చూశాడు. కాసేపటికి కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచి చూశాడు. అయ్యాక కూడా లేవలేదు.

"ఇప్పుడు దెబ్బా చప్పుడూ ఒక్కసారే పడతన్నాయే తల్లీ. నువ్వే వాయిస్తన్నావు."

నేనే నాన్నా అన్నాను. అప్పుడు కంప్యూటర్ పెట్టి, పొద్దున రికార్డు చేసింది హెడ్‌ఫోన్స్‌లో వినిపించాను. ఇదీ నువ్వేనా అన్నాడు. నేనే. అయితే ఆ రోజుదీ? అదీ నేనే. చాలాసేపు తల ఊపుతూనే ఉన్నాడు. ఆ రోజు నీ మనసు కష్టపెట్టానన్నమాట అన్నాడు. నేను అరిచినదానికి చెల్లుకి చెల్లు అన్నాను. అమ్మ గుమ్మంలో నిలబడి, ఇక అన్నానికి లేవండి ఇద్దరూ అంది.

నాన్నా, నీకు నోటితో చెప్పడం నాకు రాదు, ఇక్కడ రాసుకుంటున్నాను. గిటార్ పని తెలిసినవాళ్ళెవరూ అలా కోయరు. నువ్వు కోశావు. నీకు రుణపడి ఉన్నాను.

3 ఫిబ్రవరి, శనివారం

పాట ఇచ్చేశాను. అన్నయ్య చర్చి ఆఫీసు గదిలో స్పీకర్లు పెట్టి విన్నాడు. ఆరో పాటకి ఏ యాంప్ పెట్టావు, మిగతావాటిలా లేదే అన్నాడు. ప్రీసెట్ సేవ్ చేసేటప్పుడు పేరు అడుగుతుంది కదా, మా పేట కలిపి నాన్న పేరు పెట్టాను, అది చూపించాను: పటమట మహమ్మద్.

అన్నయ్య నవ్వాడు. ఆ జాలీ చూశాక ఇదే మొదటిసారి నవ్వడం. గిటార్ ఇవ్వబోతే తీసుకోలేదు. దాన్ని చూస్తే బాధేస్తోంది, వింటే వెయ్యట్లేదు, కాబట్టి నువ్వు దగ్గర ఉంచుకుని నాకు వినిపిస్తూ ఉండు అన్నాడు. నాన్న దానికి ఒప్పుకోలేదు. ఊరికే తీసుకోనంటున్నాడు. అన్నయ్య కీబోర్డు ప్లాస్టిక్ స్టూలు మీద ఉండటం ఆ రోజు గేటులోంచి చూశాడట. టేకుతో స్టాండు మొదలుపెట్టాడు. ఈసారి కోసే ముందు కొలతలు అడిగి తీసుకున్నాడు.

10 ఫిబ్రవరి, శనివారం

గుణదలంతా జనం. తలనీలాలు ఇచ్చినవాళ్ళు, కొబ్బరికాయలవాళ్ళు, కొండ ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు. నా చిన్నప్పుడు జ్వరం తగ్గితే కొవ్వొత్తి వెలిగిస్తానని అమ్మ ఇక్కడ మొక్కుకుందట. ప్రతి ఏడూ ఏదో అడ్డం వచ్చి ఇవాళ తీర్చుకుంది.

సీడీల స్టాల్ దగ్గర పెద్ద స్పీకర్లో మా పాటలు వేస్తున్నారు. మాత పాట వచ్చేదాకా నాన్న కదల్లేదు. ఎండలో తువ్వాలు తలకి చుట్టుకుని నిలబడ్డాడు. వచ్చింది. ఆ స్పీకరు పగిలిన గొంతుతో మోగుతోంది, పక్కన తప్పిపోయిన పిల్లాడి పేరు మైకులో చెప్తున్నారు, గిటార్ వచ్చే చోట సగం అందులో కలిసిపోయింది. నేను ఉసూరుమన్నాను. నాన్న మాత్రం పక్కనున్న కొబ్బరికాయలాయన భుజం తట్టి, ఇదిగో ఇక్కడ నుంచి మా అమ్మాయండీ అన్నాడు. ఆయన నన్ను చూసి, పాడేదా అన్నాడు. కాదండీ, వాయించేది అన్నాడు నాన్న.

ఆ మాట కోసమే కదా ఇదంతా. ఇంటికొచ్చి కాళ్ళ నొప్పులతో రాస్తున్నాను, ఇంతకంటే ఏమీ అడగను.

18 ఫిబ్రవరి, ఆదివారం, సాయంత్రం ఆరున్నర

కరెంటు పోయింది. వాయిస్తుండగానే స్క్రీన్ ఆరిపోయింది. యాంప్ పోయింది. అలవాటుగా చెయ్యి ఆగిపోయింది.

చీకట్లో వరండాలోంచి నాన్న, "ఆపావేం?" అన్నాడు.